మిద్దె ట్యాంకు బోర్డుకు విడిభాగాలు: ఏవి ఊళ్లో కొనాలి, ఏవి తెప్పించుకోవాలి

అనంతపురంలో కుళాయి నీళ్లు వచ్చినప్పుడు సంపులో పట్టుకొని, సంపులోంచి మోటరుతో మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించుకోవడం చాలా ఇళ్లలో మామూలే. ట్యాంకు నిండగానే మోటరును ఆపేసి, సంపులో నీళ్లు లేనప్పుడు దాన్ని అసలు నడవనివ్వని కంట్రోల్ బోర్డును కాస్త ఓపిక ఉన్నవారెవరైనా ఇంట్లో తయారు చేసుకోగలరు. సర్క్యూట్ బొమ్మ దొరకడం కష్టం కాదు, సోల్డరింగ్ పట్టుబడడమూ కష్టం కాదు. పని ఆగిపోయేది సామాను దగ్గరే. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉండేవారు ఒక ఐసీ బేస్ (చిప్పును గుచ్చే సాకెట్) కొలత తప్పితే సాయంత్రం వెళ్లి మార్చుకొని వస్తారు. మనం మాత్రం మళ్లీ కొరియర్ కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి. కాబట్టి అనంతపురం, కర్నూలు, కడప వంటి ఊళ్లలో ఉండి బోర్డు తయారు చేసేవారికి పని వరుసే వేరుగా ఉండాలి. ముందు సర్క్యూట్ బొమ్మ, తర్వాత పార్టుల పట్టిక, తర్వాత సామాను, సామాను చేతికి వచ్చాకే బోర్డు మీద రాగి దారుల గీత. ఈ వరుసను తలకిందులు చేసి, ముందే బోర్డు గీసి దానికి సరిపోయే పార్టుల కోసం వెతికేవారికే ఎక్కువ ఖర్చవుతుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్న బోర్డులో 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్ల బ్రిడ్జి, వోల్టేజిని 12, 5 వోల్టుల దగ్గర నిలిపే 7812, 7805 రెగ్యులేటర్లు, ప్రోగ్రాం ఎక్కించుకొని పనిచేసే ఏటీమెగా 328పీ మైక్రోకంట్రోలర్ చిప్పు, ట్యాంకు, సంపుల నుంచి వచ్చే వైర్లకు పీసీ817 ఆప్టోకప్లర్లు (వైర్లు నేరుగా కలవకుండా వెలుతురుతో సంకేతం అందించేవి), ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, 12 వోల్టుల చిన్న రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), స్క్రూ టెర్మినళ్లు ఉంటాయి. రిలే నేరుగా మోటరును నడపదు. మోటరు కరెంటును కలిపే పెద్ద స్విచ్ అయిన, 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్‌ను మాత్రం నడుపుతుంది.

పట్టిక రాయడం

పట్టికలో "కెపాసిటర్ 1000 మైక్రోఫారడ్" అని రాసి ఊరుకుంటే షాపతను ఏది చేతికి దొరికితే అది ఇస్తాడు. అతని తప్పేమీ లేదు, మనం అడిగింది అంతే. వోల్టేజి, ఉష్ణోగ్రత, వ్యాసం, కాళ్ల మధ్య దూరం అనే నాలుగూ రాసినప్పుడే అది పార్టు వివరం అవుతుంది. ఈ ఒక్క కెపాసిటర్‌నే కొంచెం నిదానంగా చూస్తే మిగిలినవాటికి ఎలా రాయాలో తెలిసిపోతుంది.

12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే ఏసీని బ్రిడ్జి డీసీగా మార్చినప్పుడు కెపాసిటర్ మీద నిలిచేది 12 వోల్టులు కాదు. 12ను 1.414తో హెచ్చవేస్తే దాదాపు 17 వస్తుంది, అందులో రెండు డయోడ్ల దగ్గర సుమారు 1.4 వోల్టులు పోతే 15.5 మిగులుతుంది. ఇది పూర్తి లోడు ఉన్నప్పటి లెక్క. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడు లేనప్పుడు రాసిన దానికంటే అయిదో వంతో నాలుగో వంతో ఎక్కువ ఇస్తాయి. దానికి తోడు రాత్రి వేళ లైను వోల్టేజి 250కి పెరిగితే కెపాసిటర్ మీద 21 వోల్టులు దాటుతుంది. కాబట్టి 16 వోల్టుల కెపాసిటర్ ఇక్కడ పనికిరాదు, 25 వోల్టులది అంచు మీద ఉంటుంది, 35 వోల్టులది నిశ్చింతగా నిలుస్తుంది. ఇక ఉష్ణోగ్రత విషయానికొస్తే, 85 డిగ్రీలవీ 105 డిగ్రీలవీ రెండూ బజారులో దొరుకుతాయి, ధరలో తేడా స్వల్పం. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ పనిచేసే చోటు వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. మే నెలలో మన జిల్లాలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది, మెట్ల గోడకు బిగించిన బాక్సు లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇటువంటి చోట 105 డిగ్రీలది తప్ప మరొకటి కొనకూడదని నా దృఢమైన అభిప్రాయం. చివరిది కొలత: 1000 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటర్ సాధారణంగా 12.5 లేదా 13 మిల్లీమీటర్ల వ్యాసంతో, కాళ్ల మధ్య 5 మిల్లీమీటర్ల దూరంతో వస్తుంది. 25 వోల్టులది 10 మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి దానికోసం వదిలిన చోటులో ఇది కూర్చోదు.

లైను తగ్గే వైపు కూడా లెక్క చూసుకోవాలి. వేసవిలో వోల్టేజి 180కి పడిపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది 9.4 వోల్టులే, బ్రిడ్జి తర్వాత 12 కంటే కొద్దిగా తక్కువ ఉంటుంది. 7812 తనకు కావలసిన రెండు వోల్టులు మినహాయించుకొని 10 వోల్టుల దరిదాపు ఇస్తుంది. 12 వోల్టుల రిలేలు ఎక్కువగా 9 వోల్టులకే పట్టుకుంటాయి కాబట్టి బోర్డు పని ఆగదు. అలాగని 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి పెడితే మామూలు రోజుల్లో 7812 అనవసరంగా వేడెక్కుతుంది. పట్టికలో "ట్రాన్స్‌ఫార్మర్ 0-12, 500 మిల్లీఆంపియర్లు" అని స్పష్టంగా రాయాలి. లేకపోతే షాపులో ఎక్కువగా అమ్ముడయ్యే 12-0-12 చేతిలో పెడతారు. అదే దొరికితే మధ్య వైరును, ఒక పక్క వైరును వాడుకొని, మిగిలిన వైరు కొసకు ఇన్సులేషన్ వేసి వదిలేయవచ్చు.

పట్టికలో ప్రతి వరుసకూ సర్క్యూట్ బొమ్మలోని గుర్తు (ఆర్1, సీ1 వంటిది), విలువ, తయారీదారు ఇచ్చిన పూర్తి పార్టు నంబరు, కొలత, కావలసిన సంఖ్య, కొనవలసిన సంఖ్య, ఎక్కడ కొనాలన్నది అనే గడులు ఉండాలి. కావలసిన సంఖ్య, కొనవలసిన సంఖ్య వేరువేరుగా ఉండడం ముఖ్యం. రెసిస్టర్లు, సిరామిక్ కెపాసిటర్లు, డయోడ్ల వంటివి రెట్టింపుకు పైగా కొనాలి. ఐసీలు, రిలేలు, రెగ్యులేటర్లు ఒక్కొక్కటి అదనంగా ఉంటే చాలు. రెండు రూపాయల డయోడు కోసం మళ్లీ రవాణా ఖర్చు కట్టే పరిస్థితి రాకూడదు.

ఊళ్లోనే దొరికేవి

టీవీ రిపేరు షాపులనూ మోటరు వైండింగు చేసేవారినీ తక్కువగా అంచనా వేయకూడదు. 1ఎన్4007 డయోడ్లు, 7805, 7812, బీసీ547, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, గాజు ఫ్యూజులు, సీసం, ఫ్లక్స్ వంటివి రిపేరులో రోజూ వాడేవే కాబట్టి ఇటువంటి షాపుల్లో దొరికే అవకాశం ఎక్కువ. కాంటాక్టరు, ఎంసీబీ, ఫ్లోట్ స్విచ్, బాక్సు, వైరు ఎలక్ట్రికల్ షాపుల్లో తీసుకోవాలి. బరువైన వస్తువులకు కొరియర్ ఖర్చు ఎక్కువ, పైగా కాంటాక్టర్ పాడైతే బిల్లు పట్టుకొని వెళ్లి మార్చుకునే వీలు ఊళ్లోనే ఉంటుంది.

ఫ్లోట్ స్విచ్ ఎంపికలో మన నీళ్లను గుర్తుంచుకోవాలి. వేలెడంత ఉండి, కడ్డీ మీద చిన్న బిళ్ల పైకీ కిందికీ జారే అయస్కాంతపు ఫ్లోట్లు ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతాయి కానీ, బోరు నీళ్లలోని సున్నం కడ్డీ మీద తెల్లగా పేరుకొని బిళ్ల కదలకుండా పట్టేస్తుంది. వైరుకు వేలాడుతూ మొత్తంగా తిరగబడే కేబుల్ ఫ్లోట్‌కు ఆ బెడద లేదు. నీళ్లలో రెండు స్టీలు కడ్డీలు వేలాడదీసి డీసీ పంపే పద్ధతి ఇంకా చవకే గాని, ఆ కరెంటుకు కడ్డీలే కొంతకాలానికి తినిపోతాయి.

పాత సామాను విషయంలో ఒక గీత గీసుకోవడం మంచిది. పాడైన యూపీఎస్‌లు, స్టెబిలైజర్ల నుంచి ట్రాన్స్‌ఫార్మర్, హీట్‌సింక్, స్క్రూ టెర్మినళ్లు తీసుకోవచ్చు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, రిలేలు మాత్రం తీసుకోకూడదు, ఎందుకంటే ఆ కెపాసిటర్ల లోపలి ద్రవం ఎంత ఎండిపోయిందో, రిలే పాయింట్లు ఎంత కాలిపోయాయో పైకి కనిపించదు.

పొలం బోర్లకు ఇదే బోర్డు పెట్టాలనుకునేవారికి ఇక్కడొక హెచ్చరిక అవసరం. త్రీఫేజ్ స్టార్టర్లలో చాలావాటికి కాయిల్ రెండు ఫేజుల మధ్య, అంటే 415 వోల్టుల మీద పనిచేస్తుంది. చిన్న రిలే మీద 250 వోల్టులనే రాసి ఉంటుంది కాబట్టి దాని పాయింట్లకు ఆ వైర్లను కలపకూడదు. స్టార్టర్ కాయిల్ మీద రాసిన వోల్టేజి చదివాకే రిలే కొనాలి. 415 అని ఉంటే మధ్యలో అంత వోల్టేజికి తగిన మరో కాంటాక్టర్ పెట్టించడం ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని.

బెంగళూరు, హైదరాబాద్, చెన్నై

అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాద్ జాతీయ రహదారి 44 మీదే, రెండూ రెండు వందల కిలోమీటర్లకు కాస్త పైబడిన దూరంలో ఉన్నాయి. బెంగళూరులో సిటీ మార్కెట్‌కు దగ్గరగా ఉన్న ఎస్పీ రోడ్డు, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ విడిభాగాలకు పేరున్న వీధులు. కర్నూలు బస్సు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగినవారికి కోఠి పక్కనే. కడప నుంచి చెన్నైకి నేరుగా రైలు మార్గం ఉంది, అక్కడ మౌంట్ రోడ్డు దగ్గరి రిచీ స్ట్రీట్ అటువంటిదే. ఆదివారం వెళ్లకూడదు, చాలా షాపులు మూసి ఉంటాయి.

పార్టు కోసమే ప్రత్యేకంగా ప్రయాణం పెట్టుకుంటే గిట్టదు. వేరే పని మీద వెళ్లినప్పుడు పట్టిక జేబులో ఉండాలి. ఈ వీధుల్లో కొనవలసినవి చేత్తో పట్టి చూసి ఎంచుకోవలసినవే: స్క్రూ టెర్మినళ్లు, ఐసీ బేసులు, బాక్సులు, రాగి బోర్డు, డ్రిల్లు బిట్లు. స్క్రూ టెర్మినళ్లలో కాళ్ల దూరం 5.00 మిల్లీమీటర్లవీ 5.08 మిల్లీమీటర్లవీ పక్కపక్కన పెడితే కంటికి ఒకేలా ఉంటాయి. రెండు కాళ్లదైతే ఏదైనా దూరుతుంది కానీ, ఎనిమిది కాళ్ల వరుసలో ఆ 0.08 తేడా ఏడు సార్లు కలిసి అర మిల్లీమీటరు దాటుతుంది, చివరి కాలు రంధ్రంలోకి దిగదు. ఐసీ బేస్ విషయంలోనూ ఇంతే. 28 కాళ్ల బేస్ అని అడిగితే వెడల్పుది, అంటే వరుసల మధ్య 15.24 మిల్లీమీటర్లు ఉన్నది ఇవ్వవచ్చు. ఏటీమెగా 328పీకి కావలసింది 7.62 మిల్లీమీటర్ల సన్నది. ఐసీ ఒకటి వెంట తీసుకెళ్లి, బేస్‌లో కూర్చోబెట్టి చూసి కొనడమే అన్నిటికంటే తేలిక.

రాగి బోర్డులో గోధుమ రంగు ఫినోలిక్ రకం కంటే లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న గాజునార ఎఫ్ఆర్4 రకం కొనాలి. ఫినోలిక్ బోర్డు మీద ఒక పార్టును రెండోసారి ఊడదీస్తే వేడికి రాగి లేచిపోతుంది. బోర్డు మందం 1.6 మిల్లీమీటర్లు, రాగి 35 మైక్రాన్లు అయితే ఈ పనికి సరిపోతుంది. డ్రిల్లు బిట్లు 0.8, 1.0, 1.3 మిల్లీమీటర్లవి కావాలి: మొదటిది ఐసీలకు, రెసిస్టర్లకు, రెండోది డయోడ్లకు, మూడోది రిలేకు, టెర్మినళ్లకు. సన్నని బిట్లు ఇట్టే విరుగుతాయి కాబట్టి 0.8 బిట్లు అరడజను తీసుకోవాలి. బోర్డు మీద అక్కరలేని రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ గడ్డగానో పొడిగానో ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చుకోవాలి, ఇనుప డబ్బాను అది తినేస్తుంది. కలిపేటప్పుడు నీళ్లలో కొద్దికొద్దిగా పొడి వేయాలి, వేడి పుడుతుంది. వాడేసినది మోరీలో పోయకూడదు.

ఆన్‌లైన్ ఆర్డర్

ఏటీమెగా, ఆప్టోకప్లర్లు, రిలే, లైను వోల్టేజి ఎగిరినప్పుడు బోర్డును కాపాడే వేరిస్టర్ వంటి, నంబరు కచ్చితంగా ఉండవలసిన వాటిని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే మేలు. రోబు, ఎవెల్టా, సన్‌రోమ్ వంటి దేశీయ సంస్థలు చిల్లరగా కూడా అమ్ముతాయి. ఎలిమెంట్14, మౌజర్, డిజికీ తయారీదారుల అధీకృత పంపిణీదారులు. ధర, రవాణా ఎక్కువైనా పార్టు అసలుదేనన్న నమ్మకం ఉంటుంది. నా పద్ధతి చెప్పాలంటే, మైక్రోకంట్రోలర్, రెగ్యులేటర్, 230 వోల్టుల వైపు ఉండే పార్టులు నమ్మకమైన చోటే కొనాలి. రెసిస్టర్లు, ఎల్ఈడీలు, హెడర్లు (వైర్లు గుచ్చే పిన్నుల వరుసలు) ఎక్కడ చవకైతే అక్కడ కొనవచ్చు.

పార్టు నంబరులో చివరి అక్షరాలే అసలు సంగతి చెబుతాయి. ఏటీమెగా 328పీ-పీయూ అంటే పొడవాటి కాళ్ల డిప్ ఐసీ, ఏటీమెగా 328పీ-ఏయూ అంటే బోర్డు ఉపరితలం మీద అతికించే చదరపు ఐసీ. 328, 328పీ, 328పీబీ అనే మూడూ వేరువేరు చిప్పులు. పీఎన్2222ఏ ట్రాన్సిస్టర్‌లో చదునైన ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్ వస్తాయి. పీ2ఎన్2222ఏ అనే దానిలో అదే వరుస తిరగబడి, బీసీ547లో మాదిరి కలెక్టర్, బేస్, ఎమిటర్‌గా ఉంటుంది. పేరులో ఒక్క అంకె తేడా అంతే. వేరిస్టర్‌లో 14డీ471 అంటే 14 మిల్లీమీటర్ల బిళ్ల, 470 వోల్టులు. వోల్టేజి ఎగిరిపడే మన లైన్లకు 430 వోల్టుల 431 కంటే ఇదే తగినది.

ఫొటో చూసి ఆర్డర్ పెట్టకూడదు. ప్రతి పార్టుకూ తయారీదారు ఇచ్చే డేటాషీట్ (వివరాల పత్రం) దించుకొని, చివరి పేజీల్లో ఉండే కొలతల బొమ్మను పట్టికతో సరిచూడాలి. పార్టు వివరాల్లో "కొత్త డిజైన్లకు సిఫారసు చేయము" అన్న మాట ఉంటే, ఇప్పుడు దొరికినా దాన్ని వదిలేయాలి.

రవాణా ఖర్చు ఆర్డర్‌కు ఒకసారి పడుతుంది కాబట్టి ఒకే చోట ఎక్కువ పార్టులు దొరికేలా చూసుకోవాలి. ఒక పార్టు కోసం పది రూపాయలు తక్కువని రెండో చోట ఆర్డర్ పెట్టడం నష్టమే. చూపిన ధరలో 18 శాతం జీఎస్‌టీ కలిసి ఉందా లేదా అన్నది డబ్బు కట్టే ముందు చూసుకోవాలి. కొన్ని చోట్ల అది చివరి పేజీలో కలుస్తుంది. పల్లెల్లో ఉండేవారు తమ పిన్‌కోడ్‌కు ప్రైవేటు కొరియర్ వస్తుందో లేదో ముందే చూసి, రాకపోతే స్పీడ్ పోస్ట్ ఎంచుకోవాలి.

బోర్డును బయట చేయించుకోవాలనుకుంటే కీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసి, రాగి దారుల బొమ్మలుండే గెర్బర్ ఫైళ్లు, రంధ్రాల వివరాలుండే డ్రిల్లు ఫైళ్లు పంపాలి. బెంగళూరులోని లయన్ సర్క్యూట్స్, గుజరాత్‌లోని పీసీబీ పవర్ మన దేశంలో ఈ పని చేసే సంస్థలు. చైనాలోని జేఎల్‌సీపీసీబీలో బోర్డు ధర చాలా తక్కువ, కాని అంతర్జాతీయ కొరియర్, కస్టమ్స్ సుంకం, గుర్తింపు పత్రాల పని కలిస్తే ఒక చిన్న బోర్డుకు ఆ తేడా నిలవదు. ఒక్క ఇంటి కోసమైతే ఇంట్లోనే ఫెర్రిక్ క్లోరైడ్‌తో అక్కరలేని రాగిని కరిగించి చేసుకోవడం చాలు. నలుగురైదుగురు కలిసి ఒకే బోర్డు చేసుకుంటే బయట చేయించడం మేలు.

ఏ పద్ధతైనా, పంపే ముందు ఒక పరీక్ష తప్పనిసరిగా చేయాలి. గీసిన బోర్డును అసలు కొలతలోనే, అంటే నూటికి నూరు శాతం సైజులో, జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాలి. స్కేలుతో ఒక అంచు కొలిచి సైజు మారలేదని నిర్ధారించుకొని, ఆ కాగితాన్ని థర్మాకోల్ ముక్క మీద పరిచి, తెప్పించుకున్న రిలే, టెర్మినళ్లు, ఐసీ బేస్, కెపాసిటర్లను ఒక్కొక్కటిగా కాగితంలోకి గుచ్చాలి. ప్రతి కాలూ చుక్క మధ్యలోనే దిగాలి. రిలే పక్కన కెపాసిటర్ ఒరుసుకుంటున్నదా, స్క్రూడ్రైవర్ టెర్మినల్ దాకా వెళ్తున్నదా, 230 వోల్టుల దారికీ మిగిలిన దారులకూ మధ్య కనీసం 6 మిల్లీమీటర్ల ఖాళీ ఉందా అన్నవి ఈ కాగితం మీదే తేలిపోతాయి. సామాను చేతిలో లేనివారు ఈ పరీక్ష చేయలేరు. ముందు సామాను అని చెప్పడంలో ఉద్దేశం ఇదే.

పార్సిల్ వచ్చాక

పార్సిల్ విప్పేటప్పుడే బిల్లుతో సంఖ్య సరిచూసి, తేడా ఉంటే ఫొటో తీసి అమ్మినవారికి వెంటనే రాయాలి. వాపసు గడువు దాటాక ఎవరూ వినరు. తర్వాత మల్టీమీటరుతో ఒక్కొక్కటీ చూడాలి. 12 వోల్టుల చిన్న రిలే కాయిల్ సుమారు 400 ఓమ్‌లు చూపాలి. 70 దరిదాపుల్లో చూపితే అది 5 వోల్టులది. ట్రాన్సిస్టర్‌ను డయోడ్ పరీక్షలో పెట్టి బేస్ ఏ కాలో తేల్చుకోవాలి. బేస్ నుంచి మిగిలిన రెండు కాళ్లకూ 0.6, 0.7 మధ్య అంకెలు వస్తాయి, రెంటిలో కొంచెం ఎక్కువ చూపేది ఎమిటర్. రెగ్యులేటర్లకు బయటి నుంచి 15 వోల్టులిచ్చి, ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల దగ్గర చిన్న కెపాసిటర్లు పెట్టి కొలవాలి.

ఏటీమెగాను బోర్డులో పెట్టకముందే, ఒక ఆర్డునో ఊనోను ప్రోగ్రామర్‌గా మార్చుకొని, ఏవీఆర్‌డ్యూడ్ సాఫ్ట్‌వేర్‌తో దాని సంతకం (చిప్పు రకాన్ని తెలిపే కోడ్) చదవాలి. 328పీ అయితే 1ఈ 95 0ఎఫ్ వస్తుంది. 1ఈ 95 14 వస్తే అది 328. చెడిపోయిన చిప్పేమీ కాదు, సాఫ్ట్‌వేర్‌లో పేరు మార్చుకొని వాడవచ్చు, కాని అడిగింది అది కాదని అమ్మినవారికి తెలియజేయాలి. కొత్త చిప్పులు ఎక్కువగా బూట్‌లోడర్ (మన ప్రోగ్రాంను చిప్పులోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం) లేకుండానే వస్తాయి కాబట్టి అదే కూర్పులో దాన్నీ ఎక్కించుకోవాలి.

పరీక్షించిన పార్టులను చిన్న జిప్ కవర్లలో వేసి, పట్టికలోని గుర్తును ప్రతి కవరు మీదా రాయాలి. ఎక్కడ, ఏ నంబరుతో, ఎంతకు కొన్నదీ పట్టికలో ఆ రోజే నింపాలి. అదనంగా కొన్న రిలే, 7812, ఫ్యూజులను ఒక కవరులో వేసి, వాటి పార్టు నంబర్ల చీటీతో సహా కాంటాక్టర్ బాక్సు ఉన్న గోడ దగ్గరే, తేమ తగలని చోట ఉంచాలి. ఈ బోర్డులో ముందుగా మార్చవలసి వచ్చేవి ఎక్కువగా ఈ మూడే.